రిజర్వు జాబితాలో ఆఖరి జంట

3, సోమవారం

టెన్నిస్ సంఘం సెక్రటరీ గారు మళ్ళీ ఫోన్ చేశారు. నాలుగోసారి.

"అమ్మా, ఆ రిటైర్మెంట్ ఫారం ఒక్కటి సంతకం పెట్టి పంపితే నీ ఆర్డరు టైపు చేయిస్తాను. పదహారేళ్ళలోపు ఆడపిల్లల జట్టు కోచ్ పోస్టుకి ముప్ఫై ఒక్కమంది దరఖాస్తు పెట్టుకున్నారు. నువ్వు పెట్టుకోకుండానే నీకొచ్చింది. ఆట మానేసి పద్నాలుగు నెలలైంది కదా, ఇంకా ఏం ఆలోచన?"

ఆలోచన ఏమీ లేదని, రేపు పంపిస్తానని చెప్పాను.

ఆలోచన నిజంగానే లేదు. వీడ్కోలు సభ జరిగింది, మైకులో మాట్లాడాను, ఏడ్చాను, ఏడుస్తున్న ఫొటో పేపర్లో వచ్చింది. మిగిలింది సంతకం. ఫారం ఒక పేజీ, సొరుగులో ఉంది.

ఇవాళ చేసిన పనులు: ఫ్యాన్ రెక్కలు తుడిచాను, మూడు గదులవీ. అత్తయ్య కళ్ళజోడు మర బిగించాను. వంటింటి డబ్బాలకి చీటీలు అంటించాను. ఫారానికి టైం దొరకలేదు.

కుడి మోకాలు చుట్టుకొలత 37.5 సెం.మీ. ఎడమది 37.

4, మంగళవారం

పెన్ను రాయడం లేదు.

5, బుధవారం

ఇంట్లో పదకొండు పెన్నులున్నాయి. తొమ్మిది రాస్తున్నాయి.

6, గురువారం

గుండ్రాయి నడిపే డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాను. ఫారంలో "సాక్షి సంతకం" అని ఒక గడి ఉంది. పదకొండేళ్ళు నా డబుల్స్ జోడీ అది. నాకంటే మూడేళ్ళు పెద్ద. నెట్ దగ్గర నిలబడితే బంతి దాన్ని తాకి వెనక్కి పోవాల్సిందే, అది మాత్రం కదలదు. అందుకే ఆ పేరు. సాక్షిగా అంతకంటే తగినవాళ్ళు ఎవరు?

కారు పక్క సీట్లో కూర్చుని ఎవరో పెద్దాయనకి క్లచ్ నేర్పిస్తోంది. "కాలు మెల్లగా తియ్యండి బాబాయ్, చెప్పులో తేలు దూరినట్టు తీస్తారేం!" నన్ను చూసి దిగింది.

"నీ ఫారం ఎలా నింపావు?" అని అడిగాను. అది ఆట ఆపేసి మూడేళ్ళవుతోంది.

"ఏ ఫారం?"

"రిటైర్మెంట్ ఫారం."

"నేను పెట్టలేదే."

"మూడేళ్ళుగా?"

"నువ్వు పెట్టాక పెడదామని ఆగా. జోడీ కదా. నువ్వెప్పుడు పెట్టావ్?"

సంచీలోంచి ఖాళీ ఫారం తీశాను. అది నా మొహం చూసింది. తర్వాత ఏం జరిగిందంటే, నలభై రెండేళ్ళ మనిషి కారు బానెట్ మీద పడి నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దాయన కారు దానంతటదే రెండడుగులు ముందుకు పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"అంటే లెక్కలదానా, కాగితం ప్రకారం మనం ఇప్పటికీ ఆటగాళ్ళమేనా?"

"కాగితం ప్రకారం, అవును."

"ఎవరితో అనకు," అంది. ఎవరితో అంటాను? ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆగలేదు. బస్సులో పక్కనున్నావిడ సీటు మారింది.

సాక్షి సంతకం పెట్టించుకోవడం మర్చిపోయాను.

7, శుక్రవారం

ఊరికే కోర్టుకి వెళ్ళాను. రాకెట్ల తంత్రులు ఆడకపోతే పాడైపోతాయి. నలభై నిమిషాలు. గుండ్రాయి కూడా ఊరికే వచ్చింది.

కుడి మోకాలు 38.

8, శనివారం

ఊరికే. గంటా పది నిమిషాలు. సర్వీసులు 64 వేస్తే 41 లోపల పడ్డాయి.

9, ఆదివారం

సర్వీసులు 80. లోపల 58. కుడి మోకాలు 38. పెరగలేదు. టేపు మార్చి కూడా కొలిచాను.

10, సోమవారం

మా ఆయనకి తెలిసిపోయింది. ఆరేసిన బట్టల్లో ఆట గౌను చూశారు.

"ఏమోయ్, ఇది ఎవరిది?"

"బీరువా సర్దుతుంటే దొరికింది. ఉతికాను."

"నాలుగు రోజుల్లో మూడుసార్లా?"

ఇరవై రెండేళ్ళుగా జనాల నోళ్ళు తెరిపించి లోపల ఏముందో చూస్తున్న మనిషి ఆయన. పళ్ళ డాక్టరు దగ్గర అబద్ధం ఆడకూడదు. అయినా ఆడాను. అత్తయ్య పేపరు దించి, "దానికి ఆడాలనుందిరా, కనిపించడం లేదూ? ఇల్లంతా గెంతుతూ తిరుగుతోంది. పొద్దున నాకు టీ ఇస్తూ కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది, చుక్క ఒలకలేదు," అన్నారు.

ఆడాలని ఏమీ లేదు.

13, గురువారం

ఆడాలని లేదని మళ్ళీ ఒకసారి రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇవాళ గుండ్రాయి ఒక మాట చెప్పింది. వచ్చే సోమవారం మన ఊళ్ళోనే టోర్నమెంటు మొదలు. చిన్నది, కుర్రవాళ్ళు ర్యాంకు పాయింట్లు కూడగట్టుకోవడానికి ఆడేది. ఎంట్రీల గడువు అయిపోయింది. కానీ డబుల్స్‌కి రిజర్వు జాబితా ఉంటుంది. సోమవారం పన్నెండులోపు ఇద్దరూ స్వయంగా వెళ్ళి సంతకం పెట్టాలి. ఎవరైనా జంట తప్పుకుంటే జాబితాలో పైనున్నవాళ్ళు ఎక్కుతారు. తప్పుకోకపోతే మూడు రోజులు గౌను వేసుకుని కూర్చుని ఇంటికి రావాలి. జోడీ కట్టిన కొత్తలో ఎన్ని ఊళ్ళలో అలా కూర్చున్నామో.

"సెక్రటరీ ఏమంటాడో," అన్నాను.

"అడక్కు. అడిగితే వద్దంటాడు."

అడిగాను. "అమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నారు. చాలా మర్యాదగల మనిషి ఆయన. "కోచ్ కావాలంటే ఆఖరి మ్యాచ్ ఆడి ఏడాది దాటాలని రూలు. నీకు దాటింది. ఇప్పుడు ఒక్క పాయింటు ఆడినా మళ్ళీ మొదటికి వస్తుంది. పోస్టు ఏడాది ఆగదు. జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది."

ఊరికే అడిగానన్నాను.

14, శుక్రవారం

వాస్తవాలు రాసుకుంటే తేలికవుతుంది. పందొమ్మిదేళ్ళు ఆడాను. అత్యుత్తమ ర్యాంకు 38, ఆరు వారాలపాటు. సింగిల్స్, డబుల్స్ కలిపి మొదలుపెట్టిన మ్యాచ్‌లు 911. గెలిచినవి 502. చివరిదాకా ఆడినవి 910.

జ్వరంతో ఆడాను. వేలి ఎముక చిట్లితే టేపు చుట్టుకుని ఆడాను. 0–6, 0–5లో కూడా ఆడాను. ఆ ఒక్కటే, పద్నాలుగు నెలల కిందటి ఆఖరి మ్యాచ్, రెండో నంబరు కోర్టులో, 2–6, 1–4 ఉండగా మోకాలు పట్టేసి, ఇక ఆడలేనని చెయ్యెత్తాను. అవతలి అమ్మాయి వచ్చి చెయ్యి కలిపింది. నా సంచీ సర్దుకోవడానికి, ఆ అమ్మాయికి పట్టినంత టైం కూడా పట్టలేదు.

దాన్ని నేను పట్టించుకోను. ఒక్కటి ఎంత? 911లో ఒక్కటి.

15, శనివారం

0.11 శాతం.

17, సోమవారం

పదకొండు నలభైకి సంతకం పెట్టాం.

రిఫరీ చిన్నపిల్ల, ముప్ఫై ఉండవు. "మీ ఇద్దరి ర్యాంకు కలిపి ఎంతండీ?" అంది. "సున్నా," అంది గుండ్రాయి. "లేదని రాయమ్మా," అన్నాను నేను. లేనివాళ్ళు జాబితాలో అడుగున. మాకంటే పైన ఒక జంట ఉంది. ఆ అమ్మాయి మా పేర్లు రాస్తూ ఆగి, పైకి చూసి, "మా అమ్మ మీ ఫొటో..." అని, మాట మింగేసింది.

"అమ్మ," అని గుండ్రాయి బయటికొచ్చాక పది సార్లు అంది. "వాళ్ళ అమ్మ! విన్నావా? పద, మోకాళ్ళకి మంచు పెట్టుకుందాం."

సాయంత్రం నాలుగింటికి ఒక జంట తప్పుకుంది. ఎవరికో భుజం నొప్పి. పైనున్న జంట ఎక్కింది. ఇప్పుడు మేమే మొదటివాళ్ళం, మేమే ఆఖరివాళ్ళం.

ఇంట్లో చెప్పలేదు. అడిగితే చెబుదామనుకున్నాను. అడిగారు. లైబ్రరీకి వెళ్ళానన్నాను.

18, మంగళవారం

పొద్దున ఎనిమిది నుంచి ఆటగాళ్ళ గదిలో కూర్చున్నాం. గుండ్రాయి వచ్చిన ప్రతి పిల్లనీ పలకరించింది. "కాలెలా ఉందమ్మా? ఆ పట్టీ ఏమిటి? ఊరికే వేసుకున్నావా? నొప్పి ఉంటే చెప్పు తల్లీ, మొండికేస్తే మొదటికే మోసం." మధ్యాహ్నానికల్లా ఆ గదిలో పిల్లలందరూ మమ్మల్ని డాక్టర్లనుకున్నారు. ఒకమ్మాయి మడమ చూపించింది. గుండ్రాయి ఆశగా నొక్కి చూసింది. బొబ్బ.

"సిగ్గులేదే నీకు," అన్నాను.

"నువ్వు ఆ పొడుగుపిల్ల తుమ్మితే లేచి నిలబడలేదూ?"

రెండున్నరకి ఆయన క్లినిక్ నుంచి ఫోన్. "ఏమోయ్, ఒక పేషెంటు వచ్చింది. టెన్నిస్ ఆడుతుందట, రేపు డబుల్స్ ఉందట. జ్ఞానదంతం. చెంప బూరెలా ఉంది." నేను మళ్ళీ లేచి నిలబడ్డాను. "తీసేస్తే రెండు రోజులు ఆడకూడదు. తీయకుండా మందులతో ఒక వారం నెట్టుకురావచ్చు. నువ్వు ఆటగత్తెవి కదా, సలహా చెప్పు. ఏం చెయ్యమంటావు?"

గుండ్రాయి ఫోన్ దగ్గర చెవి పెట్టి వింటోంది. పెదాలు కదిపింది: తీసెయ్యమను.

నేను గోడ వైపు తిరిగాను. "మీరు డాక్టరు. మీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యండి."

సాయంత్రం ఆయన ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చారు. "చీము తీసి శుభ్రం చేశాను. పన్ను కాపాడాను. రేపు హాయిగా ఆడుకోవచ్చు ఆ పిల్ల."

అన్నం వడ్డించాను. కూర గిన్నె ఠప్పున బల్ల మీద పెట్టాను. అప్పుడు ఆయనకి అర్థమైంది. గ్లాసు కింద పెట్టి, "నువ్వు రిజర్వులో ఉన్నావా?" అన్నారు. అత్తయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "ఒరే, పెళ్ళాం కోసం ఒక్క పన్ను పీకలేకపోయావా!"

"కోచ్ పోస్టు పోతుంది, తెలుసు కదా," అన్నారాయన తర్వాత, గిన్నెలు తుడుస్తూ.

"తెలుసు."

"నీకది ఇష్టం కదా. పిల్లలకి నేర్పడం."

"ఇష్టమే."

ఆయన అదే గిన్నె రెండోసారి తుడిచారు.

19, బుధవారం, పొద్దున

9:10. జంటలన్నీ వచ్చాయి. బూరె చెంప అమ్మాయి కూడా.

9:35. ఒక జంట ప్రాక్టీసు కోర్టులో పోట్లాడుకుంటోంది. ఎడమవైపు ఎవరు ఆడాలని.

9:40. గుండ్రాయి వెళ్ళి సర్దిచెప్పబోయింది. జుట్టు పట్టి లాక్కొచ్చాను.

9:52. "నీ మొహం చూస్తూ ఆడలేను," అని ఒకమ్మాయి రాకెట్ సంచీ భుజాన వేసుకుని గేటు దాటింది. రెండో అమ్మాయి రిఫరీ గదిలోకి వెళ్ళింది.

10:01. రిఫరీ మా వైపు నడిచి వస్తోంది.

20, గురువారం

నిన్న రాయలేకపోయాను. నొప్పి వల్ల కాదు.

రిఫరీ వచ్చి, "పదిన్నరకి మూడో నంబరు కోర్టు. మీరు ఆడతారా?" అంది. అరగంట టైం. నేను సెక్రటరీ గారికి ఫోన్ చేశాను.

"నేను ఆడుతున్నానండీ. పోస్టు తర్వాతి పేరుకి ఇచ్చెయ్యండి."

"అమ్మా, బాగా ఆలోచించుకో. మొదటి రౌండు అది. ఎవరూ చూడరు."

"అత్తయ్య చూస్తున్నారండీ."

నిజంగానే వచ్చారు. ఆయన క్లినిక్ మూసేసి తీసుకొచ్చారు. మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. మ్యాచ్‌కి వచ్చినవాళ్ళు మొత్తం పద్నాలుగు మంది. లెక్కపెట్టాను.

అవతల జడపిల్ల, పొట్టిపిల్ల. ఇద్దరి వయసూ కలిపితే నా ఒక్కదాని కంటే రెండేళ్ళు తక్కువ. బంతిని కొడుతున్నారా, కోపం తీర్చుకుంటున్నారా అన్నట్టు కొడతారు. గుండ్రాయి నెట్ దగ్గర కదల్లేదు. బంతులు దాన్ని తాకి వెనక్కి పోయాయి. మొదటి సెట్ 6–4, మాది. అత్తయ్య, "అయిపోయిందా? గెలిచాం కదా?" అని పైకే అడిగారు. రెండో సెట్ 3–6. మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. ముందుగా పది చేరినవాళ్ళది మ్యాచ్, రెండు తేడా ఉండాలి.

టైబ్రేకులో ఆరు పాయింట్లకోసారి వైపులు మారాలి. పన్నెండో పాయింటు అయ్యేసరికి 7–5, మేం ముందున్నాం. ఇంకో మూడు పాయింట్లు. నెట్ స్తంభం పక్కనుంచి దాటుతుంటే జడపిల్ల కూలబడింది. పిక్క పట్టేసింది. మడమ దగ్గర నుంచి ముడి పైకి పాకడం చర్మం కింద కనిపించింది. ఆ పిల్ల అంపైర్ వైపు చూసింది. చెయ్యి నేల మీద నుంచి లేవడం మొదలుపెట్టింది.

ఆ చెయ్యి లేస్తే మేం గెలిచినట్టు. నా లెక్కలో ఇంకో మ్యాచ్ సగంలో ఆగినట్టు.

నేను ఏం చేశానో అంపైర్ నాకంటే బాగా చెప్పగలడు. నాకు గుర్తున్నంత వరకు రాకెట్ పడేసి, ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బూటు ముందుభాగం పట్టుకుని పిల్ల మొహం వైపు వంచాను.

"ఆంటీ, నొప్పి! వదలండి, నేను మానేస్తా!"

"ఎవరే ఆంటీ? ఆంటీ అన్నాక లేచి ఆడాల్సిందే. ఊపిరి వదులు. మళ్ళీ. మూడు పాయింట్లు, ఐదు పాయింట్లు, ఎన్నైతే అన్ని. కూర్చుని ఓడిపోకు, తల్లీ. పద్నాలుగు నెలలు నిద్ర పట్టదు."

"ఏమిటండీ మీరు చేస్తున్నది?" అన్నాడు అంపైర్ పైనుంచి.

"రూల్ బుక్‌లో ఎదుటివాళ్ళ కాలు పట్టుకోకూడదని ఏ పేజీలో ఉంది, చెప్పండి."

అతను పుస్తకం తీశాడు. నిజంగానే తీశాడు. వెతుకుతుంటే ఇంకో పదిహేను సెకన్లు దొరికాయి. గుండ్రాయి నా నెత్తి మీద నిలబడి, "ఒసే, ఇది గెలుస్తున్న మ్యాచే! గెలుస్తున్నవాళ్ళు ఓడేవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం నేనెక్కడా చూళ్ళేదే!" అంటోంది. అంటూనే తన ఉప్పునీళ్ళ సీసా మూత తీసి ఆ పిల్ల నోటికి అందించింది.

జడపిల్ల లేచింది. కుంటుతూ గీత దగ్గరికి వెళ్ళింది.

పరిగెత్తలేకపోతోంది కాబట్టి వచ్చిన ప్రతి బంతినీ ప్రాణం పెట్టి ఒకే దెబ్బకి కొట్టింది. 7–6. 7–7. బంతి నేల తాకకముందే కొట్టిన నా వాలీ ఒకటి లోపల పడింది, 8–7. అక్కడ ఇంకో రెండు. ఆ రెండూ నాకు రాలేదు. 8–8. 8–9. ఆఖరి బంతి నాకే వచ్చింది. మంచి బంతి, నడుము ఎత్తులో, టైం ఉంది. నేను గీత వెంబడి కొట్టాను. తెల్ల గీతకి అరచెయ్యంత బయట పడింది. పడినచోటు నాకు బాగా కనిపించింది.

8–10.

పొట్టిపిల్ల ఎగిరింది. జడపిల్ల ఎగరలేక కూర్చుంది. నేను ఎగిరాను. నన్నెవరూ ఎగరమనలేదు. రాకెట్ గాల్లోకి విసిరి పట్టుకున్నాను, గుండ్రాయిని ఎత్తబోయాను, అది కదల్లేదు, ఇద్దరం కింద పడ్డాం. మెట్ల మీద అత్తయ్య గొడుగు ఊపుతూ, "గెలిచారా? గెలిచారా?" అంటున్నారు. ఆయన చెవిలో ఏదో చెప్పారు. "మరి ఓడిపోయి అలా దొర్లుతుందేమిట్రా?" అన్నారు అత్తయ్య. పద్నాలుగు మందీ విన్నారు.

"ఓడగొట్టావు కదే, పాపిష్టిదానా," అంది గుండ్రాయి నేల మీద నుంచి. దానికి నవ్వాగడం లేదు. "రెండో రౌండు చూసి ఐదేళ్ళైంది నేను."

జడపిల్ల చెయ్యి కలపడానికి నెట్ దగ్గరికి వచ్చింది. "నన్నెందుకు లేపారండీ? మీరు గెలిచేవాళ్ళు కదా."

జవాబు చాలా పొడుగు. "దాహం వెయ్యకముందే నీళ్ళు తాగు," అని చెప్పాను.

కుడి మోకాలు రాత్రి 40. ఇప్పుడు 39.5.

21, శుక్రవారం

కోచ్ పోస్టుకి తర్వాతి పేరుని పిలిచారట. సెక్రటరీ గారే ఫోన్ చేసి చెప్పారు. బాగా నేర్పే మనిషే, నాకు తెలుసు. మధ్యాహ్నం కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్లల జట్టుకి ఏ రోజు ఏం నేర్పాలో జూన్ దాకా నా తలలో రాసిపెట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

తర్వాత గుండ్రాయి వచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపాను. ఏడు నిమిషాలు పట్టింది. పేరు, పుట్టిన తేదీ, ఆఖరి మ్యాచ్ తేదీ. దాని కింద ఫలితం రాయమని గడి ఉంది: 6–4, 3–6, 8–10. అంకెలు గడి దాటి బయటికి వచ్చాయి, అయినా మొత్తం రాశాను. సంతకం పెట్టాను. గుండ్రాయి సాక్షి గడిలో పెట్టింది.

"నీ ఫారం తీసుకురాలేదా?" అన్నాను. నేను పెట్టాక పెడతానంది కదా.

అది పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"వచ్చే నెల పక్క ఊళ్ళో ఇంకో టోర్నమెంటు ఉందే," అంది, బల్ల మీది గీతని గోటితో గీకుతూ. "పొట్టిపిల్లకి పరీక్షలట. జడపిల్లకి జోడీ లేదట. అడిగింది."

"నిన్నా?"

"నా సీసాలో నీళ్ళు బాగున్నాయంది."

నేను చాలాసేపు నవ్వాను. అత్తయ్య లోపలి గదిలోంచి ఏమైందని కేకేశారు. ఏమీ కాలేదని చెప్పి, గుండ్రాయికి ఆ పిల్ల కుడి పిక్కని మ్యాచ్‌కి ముందు ఎలా సాగదీయాలో నేల మీద కూర్చుని చేసి చూపించాను. రెండుసార్లు చూపించాను. రెండోసారి అది కాగితం తీసి రాసుకుంది.